సర్ ఫ్రెడరిక్ ఊజ్లీ తన ఆస్తిని ఏం చేశాడు

19వ శతాబ్దపు ఇంగ్లండ్ పాస్టరు, చర్చి సంగీతకారుడు సర్ ఫ్రెడరిక్ ఆర్థర్ గోర్ ఊజ్లీ పేరు ఎక్కడ వచ్చినా దాని వెంటే ఒక చిన్ననాటి ముచ్చట వస్తుంది. తండ్రి ముక్కు చీదితే విని, ఆ పసివాడు "నాన్న జి స్వరంలో చీదుతున్నారు" అన్నాడట. ఉరుము ఏ స్వరంలో ఉరిమిందో, గాలి ఏ స్వరంలో ఈల వేస్తోందో కూడా చెప్పేవాడట. ఆరేళ్ళప్పుడు ప్రసిద్ధ జర్మన్ స్వరకర్త మెండెల్సన్ పక్కన కూర్చుని పియానో జంటగా వాయించాడు. ఎనిమిదేళ్ళకు ఇటాలియన్ సాహిత్యం తీసుకుని ఒక ఒపెరాకి బాణీలు కట్టాడు. ఇవన్నీ చెప్పాక రాసేవాళ్ళకు ఓపిక అయిపోతుంది. మిగిలిన యాభై ఏళ్ళ పైచిలుకు జీవితం నాలుగు వాక్యాల్లో ముగుస్తుంది.

నాకు ఇది అన్యాయంగా కనబడుతుంది. 19 ఏళ్ళకు చేతికొచ్చిన బిరుదు, ఆస్తి, పలుకుబడి మూడింటినీ పట్టుకెళ్ళి, రోజుకు రెండు పూటలా జరిగే ఒక ఆరాధనని శుద్ధంగా పాడించడం మీద ఖర్చుపెట్టిన మనిషి ఆయన. స్వరకర్తగా ఆయన మధ్యరకం. సంస్థ కట్టినవాడిగా, పుస్తకాలు కూడబెట్టినవాడిగా 19వ శతాబ్దపు ఇంగ్లండ్ చర్చిలో ఆయన సాటి వచ్చేవాళ్ళు చాలా తక్కువ.

ఆ 'జి' సంగతి కూడా ఒక మాట. మన సంగీతంలో షడ్జమం పాడేవాళ్ళ గొంతుని బట్టి జరుగుతుంది. ఒకరిది ఒకటిన్నర శ్రుతి, ఇంకొకరిది ఐదు. పాశ్చాత్య సంగీతంలో 'జి' అంటే ఒక స్థిరమైన స్థాయి అని మనం అనుకుంటాం. 1830ల్లో అదీ స్థిరంగా లేదు. ఫ్రాన్స్ 1859లో 'ఎ' స్వరానికి సెకనుకు 435 కంపనాలని చట్టం చేసింది. అంతకుముందు ఏ ఊరి ఆర్గన్ ఆ ఊరిదే. కాబట్టి ఆ పిల్లవాడి చెవి పట్టుకున్నది తమ ఇంటి పియానోలో ఉన్న 'జి'ని. జ్ఞాపకశక్తి అద్భుతమే, సందేహం లేదు. దాన్ని దైవలీలలా చెప్పనక్కర్లేదు.

ఇక ఆయన పేరు ముందుండే 'రెవరెండ్ సర్' అన్న పిలుపు. తెలుగులో రాసేటప్పుడు ఇక్కడ చాలామంది తడబడతారు. 'రెవరెండ్' చర్చి ఇచ్చింది, 'సర్' తండ్రి నుంచి వచ్చింది. ఇంగ్లండ్‌లో 'సర్' రెండు దారుల్లో వస్తుంది. నైట్‌హుడ్ అయితే ఆ మనిషితోనే పోతుంది. బారోనెట్ హోదా అయితే తండ్రి తర్వాత పెద్దకొడుక్కి దక్కుతుంది. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి, పాస్టరుకి నైట్‌హుడ్ ఇచ్చినా కత్తితో భుజం తట్టే తంతు జరగదు, ఆయన్ని 'సర్' అనీ పిలవరు, ఆనవాయితీ అది. అందుకే పాత కాగితాల్లో ఆంగ్లికన్ పేరుకి 'రెవరెండ్ సర్' అని కనబడితే ఆయన బారోనెట్ అని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. రాతలో 'రెవరెండ్' ముందు, 'సర్' తర్వాత, పేరు చివర బారోనెట్‌కి పొట్టిరూపం 'బార్ట్'. పిలిచేటప్పుడు 'సర్' పక్కన మొదటి పేరే రావాలి: సర్ ఫ్రెడరిక్ సరైనది, సర్ ఊజ్లీ తప్పు. మన గోదావరి జిల్లాలవాళ్ళ కాటన్ దొరకీ ఇదే లెక్క. సర్ ఆర్థర్ అనాలి, సర్ కాటన్ అనకూడదు.

బారోనెట్ పుట్టుకే డబ్బు అవసరంలో ఉంది. ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో సైన్యాన్ని మేపడానికి మొదటి జేమ్స్ రాజు 1611లో ఈ హోదాని సృష్టించాడు. 30 మంది సైనికుల జీతం మూడేళ్ళపాటు భరిస్తే హోదా ఇస్తారు. మనిషికి రోజుకు 8 పెన్నీలు. 30 మందికి 240 పెన్నీలు, అంటే సరిగ్గా ఒక పౌండు. మూడేళ్ళకు 1,095 రోజులు, 1,095 పౌండ్లు. ప్రభువుల సభలో సీటు మాత్రం రాదు. బారోనెట్ ప్రభువు కాదు, సామాన్యుల్లో పై మెట్టు మీద ఉన్నవాడు. ఊజ్లీ కుటుంబానికి 1808లో వచ్చేనాటికి ఈ ధర పట్టిక ఎప్పుడో పోయింది, సిఫార్సు నడుస్తోంది. ఆ సిఫార్సు చేసింది లార్డ్ వెల్లెస్లీ.

ఆ పేరు దగ్గర తెలుగువాళ్ళం కాస్త ఆగాలి. 1800లో నిజాం చేత సైన్యసహకార ఒప్పందం కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి రాయించుకున్నది అప్పటి గవర్నర్ జనరల్ అయిన ఆ వెల్లెస్లీయే. మనం దత్తమండలాలు అంటూ వచ్చినవి అవే. మరుసటి ఏడాది, 1801లో, అదే పద్ధతిలో అవధ్ నవాబు సాదత్ అలీ ఖాన్ రాజ్యంలో దాదాపు సగం తీసుకున్నాడు. ఆ సాదత్ అలీ కొలువులో, నవాబు వెంట ఉండే సైనిక సహాయకుడిగా (ఏడీసీగా), మేజర్ హోదాతో ఉన్నవాడు ఫ్రెడరిక్ తండ్రి గోర్ ఊజ్లీ.

గోర్ 1770లో పుట్టాడు. 1787లో, పదిహేడేళ్ళ వయసులో, బెంగాల్ చేరి బట్టల వ్యాపారం పెట్టాడు. పార్శీ, అరబిక్, సంస్కృతం నేర్చుకున్నాడు. సర్ విలియం జోన్స్‌తో స్నేహం కలిసింది. అక్కణ్ణించి లక్నో. గోమతి ఒడ్డున నవాబు కోసం దిల్‌కుషా కోఠీ కట్టించింది ఈయనే. నార్తంబర్లాండ్‌లోని సీటన్ డెలవల్ భవనాన్ని నమూనాగా పెట్టుకుని వేట విడిది కట్టారు. 1857 తిరుగుబాటు పోరులో అది దెబ్బతింది; జనరల్ హేవ్‌లాక్ ఆ నవంబరులో అక్కడే చనిపోయాడు. లక్నో వెళ్ళినవాళ్ళు ఇప్పుడు చూసేది దాని మొండిగోడల్ని.

1805లో గోర్ ఇంగ్లండ్ తిరిగి వచ్చాడు. 1809లో లండన్ వచ్చిన ఇరాన్ రాయబారి మీర్జా అబుల్ హసన్‌కి దగ్గరుండి మర్యాదలు చూసే పని అప్పగించారు. పార్శీ ధారాళంగా మాట్లాడే దొర ఇంకెవరు దొరుకుతారు? ఆ పైన ఆయన్నే రాయబారిగా ఇరాన్ పంపారు. భార్య, కూతురు వెంట వెళ్ళారు. అన్న సర్ విలియం ఊజ్లీ, ఆయనా ప్రాచ్యభాషల పండితుడే, కార్యదర్శిగా వెళ్ళాడు. 1813లో రష్యా, ఇరాన్ మధ్య గులిస్తాన్ సంధికి మధ్యవర్తి గోర్. ఆ సంధితో ఇరాన్ కాకసస్‌లో జార్జియా, దాగెస్తాన్, నేటి అజర్‌బైజాన్‌లో చాలా భాగం పోగొట్టుకుంది. ఇరానీయులు ఆ సంధిని తమకు జరిగిన నష్టంగానే నేటికీ తలుచుకుంటారు, అది సబబు. గోర్ జీవితంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది వేరే ఉంది. కంపెనీ కొలువులోని పాస్టరు (చాప్లిన్) హెన్రీ మార్టిన్ షిరాజ్‌లో కూర్చుని బైబిలు కొత్త నిబంధనని పార్శీలోకి దించి, జబ్బుపడి తబ్రీజ్ చేరితే, గోర్, ఆయన భార్య తమ ఇంట్లో పెట్టుకుని సేవ చేశారు. మార్టిన్ 1812లో, నేటి టర్కీలోని తోకత్‌లో, 31 ఏళ్ళకే పోయాడు. ఆ అనువాదాన్ని ఇరాన్ రాజు షాకి అందించి, ఒక ప్రతిని సెయింట్ పీటర్స్‌బర్గ్ తీసుకెళ్ళి అచ్చు పని చూసినవాడు గోర్. 1815లో అది బయటికొచ్చింది.

ఫ్రెడరిక్ 1825 ఆగస్టు 12న లండన్‌లో పుట్టేనాటికి తండ్రికి 55 ఏళ్ళు. ఒక్కడే కొడుకు. బాప్తిస్మంలో పూచీ నిలిచిన జ్ఞానపితలు యార్క్ డ్యూక్, వెల్లింగ్టన్ డ్యూక్; ఫ్రెడరిక్ మొదటివాడి పేరు, ఆర్థర్ రెండోవాడి పేరు, గోర్ తండ్రి పేరు. వెల్లింగ్టన్ డ్యూక్ అంటే లార్డ్ వెల్లెస్లీ తమ్ముడు ఆర్థర్ వెల్లెస్లీ; ఆ కుటుంబం దక్కనులో ఏం చేసిందో మనకు తెలుసు. పాస్టరు మంచివాడైనంత మాత్రాన ఆయన హోదా ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పకుండా దాటేస్తే ఆ జీవితచరిత్ర సగమే. ఈ ఇంటి ప్రతిష్ఠకి పునాది లక్నోలోనూ టెహరాన్‌లోనూ పడింది. ఆ ప్రతిష్ఠతో కొడుకు ఏం చేశాడన్నది దాని తర్వాతి ప్రశ్న.

బిరుదున్న ఇళ్ళవాళ్ళు చర్చిలో చేరడం ఆ రోజుల్లో వింత కాదు. పద్ధతి ఇలా ఉండేది: పెద్దకొడుక్కి భూమి, రెండోవాడికి సైన్యం, మూడోవాడికి చర్చి. ఒక ఊరి చర్చికి పాస్టరుని నియమించే హక్కు భూస్వామి ఆస్తిలో భాగం. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, వారసత్వంగా ఇవ్వచ్చు. తన కొడుకునో మేనల్లుణ్ణో ఆ పదవిలో పెడితే పన్నుగా వచ్చే పదోవంతు పంట ఆదాయం ఇంట్లోనే ఉంటుంది. పని చేయడానికి తక్కువ జీతం మీద ఒక సహాయక పాస్టరుని (క్యూరేట్‌ని) పెట్టుకుంటే అయ్యగారు ఊళ్ళో ఉండాల్సిన పని కూడా లేదు. దీని పరాకాష్ఠ ఫ్రెడరిక్ హర్వీ. 1768లో ఐర్లండ్‌లోని డెర్రీకి బిషప్ అయ్యాడు, 1779లో అన్న పోవడంతో బ్రిస్టల్ అర్ల్, అంటే ప్రభువు, కూడా అయ్యాడు. బిషప్ ఆదాయం, అర్ల్ ఆదాయం కలిపి భవనాలు కట్టాడు, బొమ్మలు కొన్నాడు, ఏళ్ళ తరబడి యూరప్ అంతా తిరిగాడు. 1798లో రోమ్‌లో ఫ్రెంచి సైన్యం ఆయన కళాఖండాల్ని జప్తు చేసింది. 1803లో ఇటలీ దారిలోనే పోయాడు, బిషప్‌గా తన కిందున్న ప్రాంతానికి (డయోసిస్‌కి) ఎంతో దూరంలో. చర్చి సొమ్ము బిరుదుకి ప్రవహించిన తీరు అది.

ఊజ్లీది పూర్తిగా ఎదురు దిశ. ఆయన మూడోకొడుకు కాదు, ఏకైక వారసుడు. తండ్రి 1844 నవంబరులో పోయినప్పుడు ఆక్స్‌ఫర్డ్ క్రైస్ట్ చర్చ్‌లో చదువుతున్నాడు. బారోనెట్‌గా పొలాలు చూసుకుంటూ, పార్లమెంటుకి నిలబడుతూ హాయిగా బతకొచ్చు. చర్చి జీతం ఆయనకు అక్కర్లేదు. 1849లో డీకన్‌గా (పాస్టరు కావడానికి ముందు మెట్టు) అభిషేకం తీసుకుని లండన్‌లో క్యూరేట్‌గా చేరాడు. అంటే నిచ్చెన కింది మెట్టు.

చేరిన చోటు మాత్రం నిప్పుల మీద ఉంది. నైట్స్‌బ్రిడ్జ్ సెయింట్ పాల్స్ చర్చి, దాని కింద పిమ్లికోలో పేదల పేటకోసం కట్టిన సెయింట్ బార్నబాస్. అక్కడ బెనెట్ అనే పాస్టరు పాత పద్ధతి ఆరాధన మొదలుపెట్టాడు: బల్ల మీద దీపాలు, తెల్లని అంగీల్లో క్వయర్ (గాయక బృందం), చదవడానికి బదులు పాడే ప్రార్థనలు. 1850 సెప్టెంబరులో పోప్ ఇంగ్లండ్‌లో మళ్ళీ కాథలిక్ బిషప్పుల్ని నియమించాడు. దేశమంతా కోపం. నవంబరు ఆదివారాల్లో జనం సెయింట్ బార్నబాస్ మీదికి గుంపులుగా వచ్చి అరుపులు, ఈలలతో ఆరాధనని చెడగొట్టారు; పోలీసుల్ని పెట్టాల్సొచ్చింది. బెనెట్ రాజీనామా చేశాడు. ఊజ్లీ కూడా వదిలేశాడు.

క్వయర్ పిల్లల్ని వదల్లేదు. నేను ఈ జీవితంలో అన్నిటికంటే పెద్ద సంఘటనగా చూసేది దీన్ని. పాస్టరు మారితే క్వయర్ చెదిరిపోతుంది, పిల్లలు ఇళ్ళకు పోతారు, రెండేళ్ళ శిక్షణ నీటిపాలు. ఊజ్లీ బకింగ్‌హామ్‌షైర్‌లో లాంగ్లీ దగ్గర లవ్‌హిల్ హౌస్ అనే ఇల్లు తీసుకుని, తన ఖర్చుతో ఆ పిల్లల్ని అక్కడ పెట్టి, చదువూ పాటా కొనసాగించాడు. తను యూరప్ వెళ్ళి అక్కడి చర్చిల్లో క్వయర్లూ ఆర్గన్లూ ఎలా నడుస్తున్నాయో చూసి వచ్చాడు. తర్వాత టెన్‌బరీలో కట్టిన కాలేజీకి విత్తనం లవ్‌హిల్‌లో పడింది.

ఆ రోజుల్లో కథీడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) క్వయర్లు ఎంత దిగజారాయో తెలిస్తేనే ఆయన ఆత్రం అర్థమవుతుంది. హియర్‌ఫర్డ్ కథీడ్రల్‌లో 1830ల్లో ఆర్గనిస్టు ఎస్. ఎస్. వెస్లీ. ఒక ఈస్టర్ ఆదివారం తన కొత్త రచన పాడించబోతే క్వయర్‌లో పిల్లలు తప్ప పెద్ద గొంతులు లేవు. దొరికింది ఒకే ఒక్క మంద్రస్వరం; అతను కథీడ్రల్ పెద్ద అయిన డీన్ గారి ఇంటి బట్లర్. నాలుగు స్వరభాగాల సంగీతం అది. ఇది ఎవరి సోమరితనమో అని తేల్చేస్తే తప్పవుతుంది. పెద్ద గాయకుల జీతాలు ఎప్పటివో పాత శాసనాల్లో రాసిన మొత్తాలు. వాటితో ఇల్లు గడవక బయట పనులు చేసుకునేవారు, సాధనకి రారు, ఒక్కోసారి ఆరాధనకే రారు. 1840 కథీడ్రల్ చట్టం అక్కడి పాస్టర్ల (కానన్) పదవుల్ని కోసింది. మిగిలిన డబ్బు కొత్త పారిశ్రామిక పట్టణాల చర్చిలకు పోయింది గాని క్వయర్ల వైపు రాలేదు.

1855లో ఊజ్లీకి మూడు ఒకేసారి వచ్చాయి. ఆరేళ్ళు డీకన్‌గానే ఉండిపోయాక ప్రీస్ట్‌గా, అంటే పూర్తి పాస్టరుగా, అభిషేకం. మామూలుగా దీనికి ఏడాది చాలు. అదే హియర్‌ఫర్డ్ కథీడ్రల్‌లో ప్రిసెంటర్ పదవి, అంటే ఆరాధన సంగీతానికి పెద్ద. ఆక్స్‌ఫర్డ్‌లో సంగీత ప్రొఫెసర్ పదవి. వీటి మధ్యనే వోర్సెస్టర్‌షైర్‌లో టెన్‌బరీ ఊరికి రెండు మైళ్ళ దూరంలో, పొలాల నడుమ, ఎక్కువగా సొంత డబ్బుతో ఒక చర్చి, దానికి ఆనుకుని ఒక కాలేజీ కట్టిస్తున్నాడు. వాస్తుశిల్పి హెన్రీ వుడ్‌యర్. 1856 సెప్టెంబరు 29న, సెయింట్ మైకేల్ పండుగ రోజున, సెయింట్ మైకేల్స్ కాలేజీ ప్రతిష్ఠ జరిగింది. వార్డెన్, ఆ చర్చికి పాస్టరు రెండూ తనే, జీతం లేదు.

కాలేజీ అంటే మనం అనుకునే డిగ్రీ కాలేజీ కాదు. కొందరు క్వయర్ పిల్లలకు చదువూ తిండీ ఉచితం. ఫీజు కట్టే పిల్లలు పక్కనే చదువుతారు. వాళ్ళ ఫీజు ఉపాధ్యాయుల జీతాలకు ఆసరా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రోజూ రెండు ఆరాధనలు పూర్తిగా పాడాలి. వినడానికి జనం వచ్చారా లేదా అన్నది లెక్కలో లేదు.

రోజూ రెండు పూటలంటే ఎంత బరువో చెప్తాను. ఇంగ్లండ్ ప్రార్థన పుస్తకం 150 కీర్తనల్ని 30 రోజులకు, రోజుకు రెండు భాగాల చొప్పున 60 భాగాలుగా పంచింది. నెలకొకసారి మొత్తం చుట్టి రావాలి. 31వ తేదీ ఉంటే 30వ తేదీవి మళ్ళీ. పంపకం సమానంగా ఉండదు. 15వ తేదీ సాయంత్రం 78వ కీర్తన ఒక్కటే, 73 చరణాలు. 119వ కీర్తన 24వ తేదీ సాయంత్రం మొదలై 26 సాయంత్రానికి గాని పూర్తి కాదు. ఇది కాక రోజువారీ స్తుతిగీతాలు, క్వయర్ కోసం రాసిన ఒక చర్చి పాట (ఆంథెమ్). ఎదిగీ ఎదగని పిల్లవాడి చేత ఇవన్నీ తప్పు లేకుండా పాడించాలి.

కీర్తన పాడే చాంట్, అంటే బాణీ, చూడ్డానికి చాలా చిన్నది. ఒంటి చాంట్‌లో ఏడు గడులు, పది స్వరాలు. మొదటి సగంలో మూడు గడులకు నాలుగు స్వరాలు, రెండో సగంలో నాలుగు గడులకు ఆరు. ప్రతి సగానికీ మొదటి స్వరం 'నిలుపు స్వరం': చరణంలో మాటలు ఎన్ని ఉన్నా అక్కడే ఒకే స్థాయిలో పలకాలి, చివరి కొన్ని అక్షరాలకు మిగతా స్వరాలు కదలాలి. నాటకాల్లో పద్యం ఎత్తుకున్న నటుడు తాళం లేకుండా మాట నడకతోనే రాగం లాగినట్టు, ఇక్కడా నడకని మాటే నిర్ణయించాలి. చెడేది సరిగ్గా ఇక్కడే. క్వయర్ నిలుపు స్వరం మీద మాటల్ని గబగబా నమిలేసి, గడి గీత దగ్గరికి రాగానే ఒక్క అక్షరం మీద ధబ్బున కూర్చుని, ఆ తర్వాత స్వరాలు కదిలేచోట నెమ్మదిస్తుంది. పరుగు, దెబ్బ, నీరసం. చరణం చరణానికీ అదే. అర్థం లేని అక్షరం మీద దెబ్బ పడితే వాక్యమే మారిపోతుంది.

దీనికి మందు ఒకటే. ముందు చరణాన్ని అందరూ కలిసి మామూలుగా చదవాలి, మాట ఎక్కడ బరువెక్కుతుందో ఒప్పుకోవాలి, అదే వేగంతో స్వరం మీద పాడాలి. వాద్యం లేకుండా పొడుగు కీర్తన పాడితే శ్రుతి కిందికి జారుతుంది; నిలుపు స్వరం మీదే జారుతుంది, ఎందుకంటే ఒకే స్థాయిలో నిలబడడం కదలడంకంటే కష్టం. ఊపిరి చాలక జారేది కొంత, నోరు తెరవక జారేది ఎక్కువ. పక్షానికోసారి సాధనతో ఇది కుదరదు. రోజూ పాడేవాళ్ళకే కుదురుతుంది. ఊజ్లీ పట్టుదల అంతా దీని చుట్టూ ఉంది, నా దృష్టిలో అది నూటికి నూరుపాళ్ళు సరైనది.

ఇంకో చిక్కు పిల్లల గొంతు. ఎనిమిది తొమ్మిదేళ్ళకు చేరిన పిల్లవాడు మొదటి ఏడాది నేర్చుకోవడానికే సరి. పద్నాలుగు పదిహేనేళ్ళకు గొంతు మారుతుంది. క్వయర్‌కి పనికొచ్చేది నాలుగైదేళ్ళు. అంటే ఏటా నాలుగో వంతో ఐదో వంతో కొత్తవాళ్ళు రావాలి. ఒక్క ఏడాది ఎంపిక తప్పితే నాలుగేళ్ళు ఆ లోటు వినబడుతుంది. ఇళ్ళకు దూరంగా పల్లెలో కాలేజీ పెట్టడం వల్ల సాధనకి ఆటంకాలు తగ్గాయి, మంచి గొంతులు వెతకడం కష్టమైంది.

మనుషుల్ని ఎంచడంలో ఆయన చెవి బాగా పనిచేసింది. లండన్ సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అక్కడి కుర్రాడు జాన్ స్టెయినర్ వాయించడం విన్నాడు. 1857లో, పదిహేడేళ్ళు నిండీ నిండని ఆ అబ్బాయిని టెన్‌బరీ ఆర్గనిస్టుగా పెట్టాడు. స్టెయినర్ తర్వాత ఆక్స్‌ఫర్డ్ మాగ్డలెన్ కాలేజీకి, 1872లో సెయింట్ పాల్స్ ఆర్గనిస్టుగా వెళ్ళి, ఆ కథీడ్రల్ క్వయర్‌ని నిలబెట్టాడు. ఊజ్లీ పోయాక ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ పదవి కూడా ఆయనకే వచ్చింది. టెన్‌బరీలో చదువుకున్న జి. ఆర్. సింక్లెయర్ 1889లో హియర్‌ఫర్డ్ ఆర్గనిస్టు అయ్యాడు. ఇంగ్లీషు స్వరకర్త ఎల్గార్ తన 'ఎనిగ్మా' వేరియేషన్స్‌లో ఒకదానికి ఈయన పొడి అక్షరాలే పెట్టాడు. డీన్ గారి బట్లర్ ఒక్కడే పాడిన కథీడ్రల్‌కి యాభై ఏళ్ళ తర్వాత టెన్‌బరీ చేసిన మేలు ఇలా కనబడుతుంది.

ఆక్స్‌ఫర్డ్ సంగతి. సంగీతంలో డిగ్రీ తీసుకోవడం బారోనెట్ స్థాయికి తగదని క్రైస్ట్ చర్చ్ డీన్ గెయిస్‌ఫర్డ్ అభ్యంతరం చెప్పాడు. సంగీతం జీతగాళ్ళ వృత్తి అన్న చూపు. ఊజ్లీ వినలేదు. 1850లో బ్యాచిలర్, 1854లో డాక్టర్ పట్టాలు తీసుకున్నాడు. డాక్టరేట్ కోసం సెయింట్ పాలికార్ప్ మీద ఒక ఒరటోరియో (మతకథని వేషాలు లేకుండా పాటలుగా వినిపించే పెద్ద రచన) రాసిచ్చాడు. ఆ రోజుల్లో అక్కడ చదవక్కర్లేదు, రాతపరీక్ష లేదు. ఒక రచన ఇచ్చి పాడించుకుంటే పట్టా. ప్రొఫెసర్ అయ్యాక ఆయన 1860ల్లో రాతపరీక్ష పెట్టించాడు. తను సులువుగా దాటిన తలుపుకి తనే గడియ బిగించాడు. పెద్దింటి పేరున్న మనిషి సంగీత పట్టా తీసుకోవడం వల్ల ఆ పట్టాకి, రాతపరీక్ష వల్ల దాన్ని సంపాదించిన మామూలు ఇళ్ళ ఆర్గనిస్టులకు గౌరవం వచ్చింది. బిరుదు ఒక్కోసారి ఇలాగే ఉపయోగపడుతుంది.

స్వరకర్తగా మధ్యరకం అన్నాను, దానికి కారణం చెప్పాలి. ఆయనకు పాత కట్టుబాటు మీద భక్తి. కౌంటర్‌పాయింట్ (రెండు మూడు బాణీల్ని ఒకేసారి నడపడం) నిర్దుష్టం, అప్పటికప్పుడు ఆర్గన్ మీద ఫ్యూగ్ (ఒకే బాణీ ఒకదాని వెంట ఒకటిగా అందుకునే రచన) అల్లడంలో దిట్ట. కానీ చాలా రచనల్లో ఎక్కడికి పోతుందో ముందే తెలిసిపోతుంది. 1873 హియర్‌ఫర్డ్ ఉత్సవంలో వినిపించిన ఒరటోరియో 'హేగర్' ఇప్పుడు ఎవరూ పాడరు. చిన్న ఆంథెమ్‌లు కొన్ని మాత్రం నేటికీ కథీడ్రల్స్‌లో వినబడతాయి, వాటికి ఆ యోగ్యత ఉంది: తక్కువ స్వరాలు, స్పష్టమైన మాట, రోజూ పాడేవాళ్ళ గొంతుకి హాయి.

గ్రంథాలయం దగ్గర మాత్రం ఆయనకు సాటి లేదు. యూరప్ తిరిగినప్పుడూ, లండన్ వేలాల్లోనూ రాతప్రతులు కొన్నాడు. అన్నిటికీ తలమానికం, స్వరకర్త హ్యాండెల్ తన ఒరటోరియో 'మెస్సయ్య'కి వాడిన సొంత ప్రతి. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదటిసారి వినిపించినప్పుడు హ్యాండెల్ ముందున్నది ఇదే. ఎక్కువ భాగం నకలుదారు జాన్ క్రిస్టఫర్ స్మిత్ దస్తూరీ, మధ్యలో హ్యాండెల్ చేతిరాత. ఏ పాట ఎవరు పాడాలో గాయకుల పేర్లు పాటల దగ్గర పెన్సిల్‌తో ఉన్నాయి. గాయకులు మారినకొద్దీ హ్యాండెల్ పాటని ఎలా మార్చాడో వాటిని బట్టే తెలుస్తుంది. స్వరకర్త మొదటి చిత్తుప్రతి ఆయన మనసులో ఏముందో చెప్తుంది. ఈ ప్రతి ఆ సాయంత్రం ఏం వినబడిందో చెప్తుంది. ఇంకా ఇంగ్లీషు చర్చి సంగీతపు పాత స్వరపుస్తకాలు, ఫ్రెంచి రాజుల కొలువులో ఫిలిడోర్ రాయించిన ప్రతుల పెద్ద కట్ట కూడా టెన్‌బరీ బీరువాల్లో ఉండేవి.

ఊజ్లీ పెళ్ళి చేసుకోలేదు. 1889 ఏప్రిల్ 6న హియర్‌ఫర్డ్‌లో హఠాత్తుగా పోయాడు. టెన్‌బరీలో తను కట్టించిన చర్చి దగ్గర సమాధి చేశారు. బారోనెట్ హోదా అక్కడితో ఆగింది. పెదనాన్న విలియం వంశం ఉన్నా అటు పోయే వీల్లేదు, ఎందుకంటే 1808 శాసనం గోర్ సొంత మగసంతతికే. ఒక బిరుదు 81 ఏళ్ళలో ఇద్దరితో ముగిసింది.

కాలేజీ ఇంకో 96 ఏళ్ళు నడిచి 1985లో మూతపడింది. ఊజ్లీని మెచ్చుకునేవాళ్ళు ఈ ఏడాదిని తొందరగా దాటేస్తారు. దాటకూడదు, ఎందుకంటే తప్పు కొంత ఆయన కట్టుబడిలోనే ఉంది. బతికున్నన్నాళ్ళూ లోటు వచ్చినప్పుడల్లా తన జేబులోంచి పూడ్చాడు. జీతం తీసుకోని వార్డెన్ పోయాక అలాంటివాడు మళ్ళీ దొరకడు. మూలధనం స్థిరం, జీతాలు, బొగ్గు, పైకప్పు మరమ్మతులు పెరుగుతూ పోయేవి. లోటు పూడ్చాల్సింది ఫీజు కట్టే పిల్లలు. ఆ పిల్లల సంఖ్య తల్లిదండ్రుల మోజు మీద ఆధారపడుతుంది. వెనక కథీడ్రల్ లేదు, పట్టణం లేదు, కష్టమొస్తే చందా వేసే పెద్ద సంఘమూ లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ప్రిసెంటర్‌గా ముప్పై ఏళ్ళకు పైగా ఉన్న మనిషి తన కాలేజీని హియర్‌ఫర్డ్ కథీడ్రల్ పాలకమండలితో చట్టపరంగా ముడిపెట్టి ఉంటే వాళ్ళ క్వయర్ స్కూలుగా అయినా మిగిలేది.

దీనికి ఆయన పక్షాన ఒక జవాబు ఉంది, అదీ బలమైనదే. 1850ల్లో రోగం ఉన్నదే కథీడ్రల్ పాలకమండళ్ళలో. వాళ్ళ చేతికిస్తే మొదటి పదేళ్ళలోనే రెండు పూటల పాట ఒక పూటకి, ఆ పైన ఆదివారానికి తగ్గి ఉండేది. ఎవరి అదుపూ లేని చోట నమూనా నిలబెట్టి చూపించాలనే అంత దూరం పోయాడు. నా మటుకు, 1856కి ఆ నిర్ణయం సరైనది, 1880లకి కాదు. అప్పటికి స్టెయినర్ సెయింట్ పాల్స్‌ని మార్చి చూపించాడు; కథీడ్రల్స్‌ని నమ్మే రోజు వచ్చింది. ఊజ్లీ తన ఏర్పాటుని మళ్ళీ తిరగరాయలేదు.

పుస్తకాల విషయంలో వారసులు మెలకువగా ఉన్నారు. ఎడ్మండ్ ఫెలోస్, ఆయనా విండ్సర్ చాపెల్ పాస్టరే, ప్రతుల్ని ఒక్కొక్కటిగా చూసి 1934లో పూర్తి పట్టిక అచ్చువేశాడు. పట్టిక ఉన్న సేకరణ ముక్కలుగా మాయం కావడం కష్టం. 1874లో ఊజ్లీ మొదటి అధ్యక్షుడిగా మొదలైన మ్యూజికల్ అసోసియేషన్ నూరేళ్ళ తర్వాత, 1974లో, ఆ హ్యాండెల్ ప్రతిని ఉన్నదున్నట్టు అచ్చులో తెచ్చింది. 1978లో రాతప్రతులు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీకి చేరాయి, ఫిలిడోర్ కట్ట పారిస్ జాతీయ గ్రంథాలయానికి వెళ్ళింది. బోడ్లియన్‌లో హ్యాండెల్ ప్రతి కావాలంటే 'ఎమ్మెస్ (రాతప్రతి) టెన్‌బరీ 346, 347' అని అడగాలి.